సైకిలు దగ్గరే ఆగిపోకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మే 19న పుచ్చలపల్లి సుందరయ్య గారి వర్ధంతికి మీ పత్రిక జిల్లా పేజీలో వేసిన వ్యాసం చదివాను. గన్నవరంలో నాకు సైకిలు షాపు ఉంది. పొద్దున్నే షట్టరు తీయగానే ముందు పేపరు చదివి, ఆ తర్వాతే పానా పట్టుకోవడం నాకు అలవాటు. వ్యాసం పైన పెద్ద సైకిలు బొమ్మ వేశారు. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లారని ఒక పేరాలో, శాసనసభకూ అలాగే వెళ్లారని ఇంకో పేరాలో రాశారు. ఇంత నిరాడంబరుడు నేటి రాజకీయాల్లో కనబడడని ముగించారు. ఇంటర్ చదువుతున్న మా మనవడు అది చదివి, "తాతయ్యా, ఈయన తెలుగుదేశమా?" అని అడిగాడు.

వాడిని తప్పుపట్టలేను. సైకిలు ఆ పార్టీ గుర్తు. వాడు పుట్టినప్పటి నుంచీ జెండాల మీద, గోడల మీద చూస్తున్నది అదే. కానీ ఆ పార్టీ పుట్టింది 1982లో. అప్పటికి సుందరయ్య గారు మా గన్నవరం శాసనసభ్యుడు, ఉద్యమాల్లోకి వచ్చి యాభై ఏళ్లు దాటిన మనిషి. మీ వ్యాసం మొత్తంలో ఆయన ఏ పార్టీవాడో ఒక్క చోట కూడా రాయలేదు. ఎవరితో నడిచాడో, ఎవరితో నడవనన్నాడో అసలే లేదు. నా బాధంతా అదే.

సైకిలు అంటే నాకు చిన్నచూపు లేదు. దాని మీదే ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాను. పార్లమెంటు సభ్యుడు సైకిలు తొక్కుకుంటూ వెళ్లాడంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. అయితే ఆ రోజుల్లో కమ్యూనిస్టు సభ్యులు జీతం పార్టీకి జమ చేసి, పార్టీ ఇచ్చే కొద్దిపాటి భత్యంతో బతికేవారు. సైకిలు ఆ పద్ధతిలో ఒక భాగం. పార్టీ ఊసు తీసేసి సైకిలు ఒక్కటే చూపిస్తే అది ఒక మంచి మనిషి ముచ్చటగానే మిగులుతుంది.

మా మనవడికి నేను చెప్పింది మీకూ చెబుతాను. ఆయన 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూములున్న ఇంట్లో పుట్టారు. సుందరరామిరెడ్డి అన్న పేరులోంచి కులాన్ని తీసేసి సుందరయ్య అయ్యారు. 1930లో మద్రాసులో కాలేజీ చదువు వదిలేసి గాంధీ గారి పిలుపు మీద ఉప్పు సత్యాగ్రహంలోకి వెళ్లారు, కుర్రవాళ్లను ఉంచే బోర్‌స్టల్ జైలు చూశారు. అంటే మొదట కాంగ్రెసు. కాంగ్రెస్ సోషలిస్టు పార్టీలోనూ పనిచేశారు. ఓడల్లో పనిచేసి దేశదేశాలు తిరిగివచ్చిన అమీర్ హైదర్ ఖాన్ అనే విప్లవకారుడు మద్రాసులో ఆయనను కమ్యూనిస్టు పార్టీ వైపు తీసుకొచ్చారు. సొంత ఊళ్లో వ్యవసాయ కూలీలను కూడగట్టారు. కూలీలకు ఎదురుగా ఉన్న రైతుల్లో తన బంధువులూ ఉన్న ఊరు అది. బొంబాయి పార్టీ కార్యాలయంలో పనిచేసే లీల గారిని 1943లో పెళ్లి చేసుకున్నారు. ఉద్యమానికి అడ్డు కాకూడదని పిల్లలు వద్దనుకున్నారు. తెలంగాణ సాయుధ పోరాట నాయకుల్లో ఒకరు. దాని చరిత్రనూ గుణపాఠాలనూ 1972లో పెద్ద పుస్తకంగా రాసిందీ ఆయనే. తెలుగువాళ్లంతా ఒకే రాష్ట్రంగా ఉండాలని అందరికంటే ముందు రాసినవారిలో ఆయన ఒకరు. ఆ మాటతో ఈనాడు తెలంగాణ పాఠకులు ఏకీభవించకపోవచ్చు. అయినా రాయాలి. మనకు నచ్చిన ముక్కలు మాత్రమే ఏరుకుంటే ఆయనను తెలుసుకున్నట్టు కాదు.

1952లో రాజ్యసభకు వెళ్లారు, అక్కడ కమ్యూనిస్టు సభ్యుల నాయకుడు. 1955లో ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలు వచ్చినప్పుడు గన్నవరం నుంచి నిలబడ్డారు. ఆ ఎన్నిక సంగతి తెలియకపోతే ఆయన శాసనసభ జీవితం అర్థం కాదు. 1952లో ఆంధ్ర ప్రాంతంలోని 140 స్థానాల్లో కమ్యూనిస్టులు 41 గెలిచారు. ఈసారి ప్రభుత్వం మాదేనని కార్యకర్తలు నమ్మారట. కాంగ్రెసు వాళ్లు ఇంకొన్ని పక్షాలను కలుపుకుని ఒక కూటమిగా కట్టి ఎదురొచ్చారు. నూటికి ముప్పైకి పైగా ఓట్లు వచ్చినా, 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు దక్కినవి 15. పేరున్న నాయకులు ఎందరో ఓడిపోయారు. మా గన్నవరం ఆయనను గెలిపించింది. అప్పటి రాజధాని కర్నూలులో ఆ కొద్దిమందితో ప్రతిపక్షంలో కూర్చున్నారు.

ఆ ఎన్నికలో ఓటు వేసిన మనిషి మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. మా పెద్దమ్మ. తొంభై దాటింది. నాట్లకు, కోతలకు వెళ్లి బతికిన మనిషి, అక్షరం రాదు. ఆమె మొదటి ఓటు 1955లో కమ్యూనిస్టుల గుర్తు కంకి కొడవలికి. 1962లోనూ కంకి కొడవలికే. ఆ తర్వాత 1978లో సుందరయ్య గారు మళ్లీ గన్నవరం నుంచి నిలబడ్డారు. దివిసీమ ఉప్పెన వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు. ఇరవై ఒక్క ఏళ్లకు ఓటు హక్కు వచ్చే కాలం, నాది మొదటి ఓటు. అప్పుడు నేను ఇంకొకరి షాపులో పని నేర్చుకుంటున్నాను. పోలింగుకు ముందు రోజు సాయంత్రం పెద్దమ్మ పని నుంచి వస్తూ షాపు దగ్గర ఆగింది. ట్యూబుకు పంక్చరు వేసేటప్పుడు గుర్తు పెట్టుకునే సుద్దముక్క నా చేతిలో ఉంది. దానితో గచ్చు మీద సుత్తి, కొడవలి, నక్షత్రం గీసి, "రేపు దీని మీద ముద్ర వేయాలి పెద్దమ్మా" అన్నాను.

ఆమె వంగి చూసింది. "మరి కంకి ఏమైందిరా?" అంది.

నాకు తెలిసినంత చెప్పాను. 1964లో పార్టీ రెండు అయ్యిందని, కంకి పాత పార్టీ సీపీఐకి ఉండిపోయిందని, సుందరయ్య గారిది కొత్త పార్టీ సీపీఎం అని. "ఆయన మారాడా, గుర్తు మారిందా?" అని అడిగింది. గుర్తే మారిందన్నాను. బొమ్మ మీద వేలు పెట్టి కొడవలి వంపు వెంట నెమ్మదిగా జరిపింది. ఆ వేలికి కోతల్లో తెగిన పాత మచ్చ ఉంది. "కొడవలి ఉందిగా, గుర్తుపడతాలే" అని వెళ్లిపోయింది. నా వేలు సుద్దతో తెల్లగా ఉంది, ఆమె వేలికీ అంటింది.

ఇన్నేళ్లుగా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దానికి పూర్తి సమాధానం ఆ రోజు నా దగ్గర లేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. 1964లో పార్టీ జాతీయ సమితి నుంచి 32 మంది బయటికి వచ్చారు, తెనాలిలో సదస్సు పెట్టుకున్నారు, కలకత్తా మహాసభలో సుందరయ్య గారు కొత్త పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యారు. అదే ఏడాది పాత పార్టీకి ప్రధాన కార్యదర్శి అయినవారు మన కృష్ణా జిల్లా మంగళాపురం వాడు, చండ్ర రాజేశ్వరరావు గారు. తెలంగాణ పోరాటంలో భుజం భుజం కలిపి నడిచిన ఇద్దరు. దేశంలోని రెండు కమ్యూనిస్టు పార్టీలకూ అధిపతులు ఇద్దరూ తెలుగువాళ్లే. దానికి గర్వపడాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియదు. 1962లో మన రాష్ట్ర శాసనసభలో కమ్యూనిస్టులకు 51 స్థానాలు ఉండేవి. 1967లో రెండు పార్టీలవీ కలిపినా పాతిక దాటలేదు. ఆ తర్వాతి ఏడాది తరిమెల నాగిరెడ్డి గారు, దేవులపల్లి వెంకటేశ్వరరావు గారు, చండ్ర పుల్లారెడ్డి గారు కూడా సీపీఎం నుంచి వేరైపోయారు. చీలిక తప్పనిసరి అని వాదించేవారు ఉన్నారు, నేను వాదించను. మా పెద్దమ్మ లాంటి కూలీలు దానికి చాలా ఖరీదు చెల్లించారని మాత్రం చెబుతాను.

ఇక మీరు తప్పక రాయవలసింది 1975. ఎమర్జెన్సీ వచ్చింది, పార్టీ నాయకులు చాలామంది జైల్లోనో అజ్ఞాతంలోనో ఉన్నారు. ఇందిరా గాంధీని ఎదిరించడానికి నేటి బీజేపీకి పూర్వ రూపమైన జనసంఘ్‌తో కలిసి కార్యక్రమాలు చేపట్టాలని కేంద్ర కమిటీలో ఎక్కువమంది నిర్ణయించారు. సుందరయ్య గారు ఒప్పుకోలేదు. జనసంఘ్ వెనుక ఆర్‌ఎస్‌ఎస్ ఉందని, దాన్ని ఫాసిస్టు సంస్థగా భావిస్తున్నానని, దానితో చేయి కలపడం పార్టీకి ప్రమాదమని రాసి, ప్రధాన కార్యదర్శి పదవికీ పొలిట్‌బ్యూరోకూ రాజీనామా ఇచ్చారు. అదొక్కటే కారణం కాదు. రైతు ఉద్యమం, కార్మిక సంఘాల పని గురించి కూడా విభేదాలు ఉన్నాయి. ఎమర్జెన్సీని ఆయన కూడా వ్యతిరేకించారు, అజ్ఞాతంలో ఉన్నారు. శత్రువు ఎంత పెద్దవాడైనా, వాడిని కొట్టడానికి ఎవరి పక్కనైనా నిలబడతాననడం కుదరదన్నారు.

ఆయన మాట నెగ్గలేదు. 1977 ఎన్నికల్లో పార్టీ, జనసంఘ్ కూడా కలిసిన జనతా పార్టీతో అవగాహనకు వచ్చింది. ఇక్కడే ఆయన నాకు ఇంకా పెద్దవాడుగా కనబడతారు. అలిగి సొంత పార్టీ పెట్టలేదు. పాత పార్టీకి వెళ్లలేదు. కాంగ్రెసులో చేరలేదు. దేశం మొత్తానికి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన మనిషి రాష్ట్రంలో పార్టీ పని భుజాన వేసుకుని, అరవై నాలుగేళ్ల వయసులో గన్నవరం పల్లెల్లో ఓటు అడగడానికి వచ్చారు. గెలిచి 1983 దాకా మా శాసనసభ్యుడిగా ఉన్నారు. ఆ 1978 ఎన్నికలో ఇందిరా కాంగ్రెసుకు 175 స్థానాలు వచ్చాయి. ఆ గాలిలో కూడా మా వాళ్లు ఆయనకు ఓటు వేశారు. ఆయన సైకిలు తొక్కుతాడని వేసిన ఓట్లు అనుకోకండి. మా వీధిలో ఎవరికి సైకిలు లేదు గనుక?

ఒక గుర్తు మీద గెలిచి, ఏడాది తిరగకుండా ఇంకో కండువా వేసుకుని ఫోటోకు నిలబడేవారిని మీ పత్రికే మొదటి పేజీలో చూపిస్తోంది. అలాంటి కాలంలో పెరుగుతున్న పిల్లవాడికి ఈ రాజీనామా సంగతి తెలియాలి. పదవి వదులుకోవడం ఏమిటో, వదులుకున్నాక కూడా ఉన్నచోటే ఉండి పనిచేయడం ఏమిటో తెలియాలి. తప్పులు ఎంచేవారు ఎంచవచ్చు. ఎంచాలన్నా ముందు సంగతి తెలియాలి కదా.

అందుకని నా మనవి. వచ్చే మే నెల దాకా ఆగకండి. ఆయన రాజీనామా లేఖ అచ్చులో ఉంది, శాసనసభలో మాట్లాడినవి రికార్డుల్లో ఉన్నాయి. వాటిలోంచి కొంత భాగమైనా మీ ఆదివారం సంచికలో వేయండి. 1955 ఎన్నికను చూసిన ఓటర్లు మా మండలంలో చాలా కొద్దిమంది మిగిలారు. మా పెద్దమ్మకు చెవులు వినబడవు గానీ జ్ఞాపకం బాగుంది, దగ్గరగా వచ్చి గట్టిగా అడిగితే చెబుతుంది. మీ విలేకరిని పంపండి. పొద్దున తొమ్మిది లోపు అయితే ఆమె షాపు ముందు ఎండలో కూర్చుని ఉంటుంది.

ఇట్లు,
సైకిలు షాపు నడుపుకునే మీ పాఠకుడు,
గన్నవరం, కృష్ణా జిల్లా