కలెక్టర్ గారూ, ఆ మరుగుదొడ్డి తాళం తీయించండి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

ప్రజావాణిలో ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు కాబట్టి నలుగురి ముందూ రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్). 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరు ఉంది. మెదడులో, వెన్నుపాములో నరాల పైపొర దెబ్బతిని మూత్రాశయానికి కబురు సరిగ్గా అందదు. వచ్చిందంటే ఆగదు, ఒక్కోసారి ఎంతసేపు కూర్చున్నా రాదు, అప్పుడు కేథటర్ అనే సన్నటి గొట్టం పెట్టుకుని మూత్రం తీయాలి, దానికి శుభ్రమైన చోటూ చేతులు కడుక్కోడానికి నీళ్లూ కావాలి. మా బస్టాండ్‌లో దివ్యాంగుల మరుగుదొడ్డికి తాళం. లోపల చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు. తాళంచెవి ఉన్నాయన వచ్చేలోపు చీర తడిసిపోతుంది. ఆ భయంతోనే ప్రయాణం ఉన్న రోజు నీళ్లు మానేస్తాను, దాంతో మలబద్ధకం ముదురుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్, మళ్లీ ఆస్పత్రి. పైకి బాగానే ఉన్నావుగా అనేవాళ్లు సరేసరి.

బస్సులు తిరిగినంతసేపూ ఆ గది తెరిచి ఉంచాలి. లోపల నీళ్లు, గడియ, పట్టుకోడానికి కడ్డీ, వాడిన ప్యాడ్లు వేయడానికి మూతున్న బుట్ట ఉండాలి. జిల్లా ఆస్పత్రిలో, ఒకసారి వాడి పారేసే కేథటర్లు ఉచితంగా ఇప్పించాలి. చేస్తారో లేదో, చేస్తే ఎప్పటిలోగా చేస్తారో రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
మీ జిల్లా ఎంఎస్ రోగి