ప్రొడక్షన్ నుంచి క్యూఏకి: దారి చెప్పినవాళ్లందరికీ థాంక్స్

అందరికీ నమస్కారం. పాశమైలారం, బొల్లారం, జీడిమెట్ల వైపు ఏపీఐ (మందుల్లో పనిచేసే అసలు పదార్థం) ప్లాంట్లలో ప్రొడక్షన్ చేస్తున్న కొందరం కలిసి ఒక ప్రశ్న అడిగాం. 15 ఏళ్లు దాటింది, ఇక నైట్ షిఫ్టులు మావల్ల కాదు, క్యూఏ (క్వాలిటీ అస్యూరెన్స్, నాణ్యత చూసే విభాగం) వైపు వెళ్లాలంటే ఎలా అని. "ఈ వయసులో ఎందుకు లెండి" అనే మాట వస్తుందనుకున్నాం. బదులుగా మీరంతా పనిగట్టుకుని లెక్కలు వేసి, రెజ్యూమేలు దిద్ది పంపారు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయట్లేదు. చెప్పిన విషయాలు మాత్రం ఇక్కడ పెడుతున్నాం. ఇదే అవస్థలో ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు, పరవాడ, జడ్చర్ల వైపు కూడా.

మొదటి థాంక్స్ "కంపెనీ మారకండి, ముందు డిపార్ట్‌మెంట్ మారండి" అన్న సార్‌కి. బయటి కంపెనీ క్యూఏ ఇంటర్వ్యూలో ప్రొడక్షన్ మనిషిని మొదట అడిగేది "క్యూఏలో ఎన్నేళ్లు చేశారు" అనే. దానికి సున్నా అని చెప్పాల్సి వస్తే మిగతా 17 ఏళ్ల గురించి ఎవరూ అడగరు. ఉన్నచోటే ఐపీక్యూఏలోకి (తయారీ జరుగుతుండగానే ఫ్లోర్ మీద చూసే క్యూఏ) మారితే లైన్ క్లియరెన్స్ (కొత్త బ్యాచ్‌కి ముందు పాతది ఏదీ మిగల్లేదని చూడటం), ఇన్‌ప్రాసెస్ చెక్, శాంప్లింగ్ అన్నీ తెలిసిన ఫ్లోర్ మీదే జరుగుతాయి. రియాక్టర్లు అవే, సెంట్రిఫ్యూజ్‌లు అవే, చూసే కన్ను మారుతుంది అంతే. ఏడాదో ఏడాదిన్నరో అక్కడ చేసి బయట ప్రయత్నిస్తే ఆ సున్నా ఉండదు. హోదా ఒక మెట్టు తగ్గొచ్చని కూడా ఆయన దాచకుండా చెప్పారు. అసిస్టెంట్ మేనేజర్ కాస్తా సీనియర్ ఎగ్జిక్యూటివ్ అవుతారు. జీతం తగ్గకుండా హోదా ఒక్కటే తగ్గితే ఒప్పుకోమన్నారు.

అందులోనే ఒక మెలిక ఉంది. క్వాలిటీ విభాగం ప్రొడక్షన్‌కి సంబంధం లేకుండా విడిగా ఉండాలని ఐసీహెచ్ క్యూ7 (ఏపీఐ తయారీకి అంతర్జాతీయ గైడ్‌లైన్) చెబుతుంది. అందుకే షిఫ్ట్ ఇన్‌చార్జ్‌గా మనం సంతకం పెట్టిన బ్యాచ్‌ని రేపు క్యూఏ సీట్లో కూర్చుని మనమే రివ్యూ చేస్తే కుదరదు. ట్రాన్స్‌ఫర్ అడిగేటప్పుడే "నా పాత బ్లాక్ బ్యాచ్‌లు కొన్నాళ్లు వేరేవాళ్లు చూస్తారు" అని మనమే ముందుగా చెబితే క్యూఏ హెడ్‌కి సగం బెంగ తీరుతుంది. ఈ మాట మాకెవరికీ తట్టలేదు.

రెజ్యూమేలు దిద్దిన మేడం, మీకు ప్రత్యేకంగా. మేం రాసింది "17 ఏళ్ల ప్రొడక్షన్ అనుభవం, మ్యాన్‌పవర్ హ్యాండ్లింగ్, టార్గెట్ అచీవ్‌మెంట్". దాన్ని మీరు కొట్టేసి, ఎన్ని డీవియేషన్లకు (పద్ధతి తప్పిన సందర్భాలకు) మూలకారణం రాశారు, ఎన్ని కాపాలు (తప్పు దిద్ది, మళ్లీ జరగకుండా తీసుకునే చర్యలు) మూసేదాకా చూశారు, ఏ చేంజ్ కంట్రోల్ (పద్ధతి మార్చడానికి రాతపూర్వక అనుమతి) మొదలుపెట్టారు, క్లీనింగ్ వ్యాలిడేషన్‌లో స్వాబ్ (తుడిచి తీసే శాంపిల్) తీసిన చోట్లు ఎవరు ఎంచారు, ఆడిట్‌లో బ్లాక్ తరఫున ఎవరు నిలబడ్డారు అని అడిగారు. అవన్నీ మేం చేసినవే, కానీ పని కిందే లెక్కేసుకోలేదు. ప్రాడక్ట్ పేరు, బ్యాచ్ నంబరు, కస్టమర్ పేరు ఎక్కడా రాయొద్దన్నారు. బీపీసీఆర్ (బ్యాచ్ తయారీ వివరాలన్నీ రాసే రికార్డు) ఫొటో ఫోన్లో ఉన్నా ఇప్పుడే తీసేయమన్నారు. ఇంటర్వ్యూలో పాత కంపెనీ కాగితం చూపించేవాణ్ని ఏ క్యూఏ హెడ్ తీసుకుంటాడు!

మాక్ ఇంటర్వ్యూలో మా అందరికీ ఒకే ప్రశ్న దగ్గర దెబ్బ పడింది. ఈల్డ్ (చేతికొచ్చిన ప్రాడక్ట్ శాతం) పరిమితి 82 నుంచి 88 శాతం, వచ్చింది 79. కారణం ఏం రాస్తారు? మా నోటికి వెంటనే వచ్చిన జవాబు "ఆపరేటర్ మెథనాల్ వాష్ సరిగా ఇవ్వలేదండీ, రీట్రైనింగ్ ఇచ్చాం" అనే. ఇంటర్వ్యూ చేసినవాళ్లు అక్కడే ఆపేశారు. మనిషి తప్పు అనేది అన్నీ చూశాక చివర్లో రాయాల్సిన మాట, మొదట రాసేది కాదన్నారు. మరి ఏం చూడాలి? వాష్ మెథనాల్ 0-5 డిగ్రీల్లో ఉండాలి, చల్లబరిచే బ్రైన్ (ఉప్పునీరు) ఆ రాత్రి సరిగా రాలేదు, మెథనాల్ 20 దాటింది. వెచ్చటి సాల్వెంట్‌లో ప్రాడక్ట్ కొంత కరిగి మదర్ లికర్‌లోకి (వడకట్టగా మిగిలిన ద్రవం) పోయింది. మదర్ లికర్ శాంపిల్ పంపితే ఆ పోయిన 3 శాతం అక్కడ కనబడాలి, కనబడకపోతే ఈ కారణం తప్పు. అసలు లోపం ఇంకా కింద ఉంది. వాష్‌కి ముందు సాల్వెంట్ ఉష్ణోగ్రత రాసే గడే బీపీసీఆర్‌లో లేదు. చేంజ్ కంట్రోల్ పెట్టి ఆ గడి చేర్చడం కాపా. తర్వాత కొన్ని బ్యాచ్‌ల ఈల్డ్ చూసి అది పనిచేసిందని చూపించాలి. ఈ ఒక్క ఉదాహరణ మాకు ఆరు నెలల కోర్సు పెట్టు.

కోర్సుల మాట వచ్చింది కాబట్టి: "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అనే డిప్లొమాలకు డబ్బు కట్టకుండా ఆపినందుకు కూడా థాంక్స్. ఐసీహెచ్ క్యూ7, క్యూ9, క్యూ10 గైడ్‌లైన్లు ఐసీహెచ్ సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. అమెరికా ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్లు కూడా అంతే, వారానికి రెండు చదివినా డేటా ఇంటెగ్రిటీ (రికార్డులు నిజంగా, పూర్తిగా ఉండడం) అంటే ఏమిటో తెలిసిపోతుంది. 483 (తనిఖీలో దొరికిన లోపాలు రాసి ఎఫ్‌డీఏ ఇచ్చే ఫారం) వస్తే 15 పనిదినాల్లో జవాబు వెళ్లాలన్న సంగతి చాలామంది ప్రొడక్షన్ వాళ్లకు తెలియదు, ఆ రోజుల్లో క్యూఏ వాళ్లు ఎందుకలా పరిగెడతారో మాకు ఇప్పుడు అర్థమైంది.

ఇక డబ్బు లెక్కలు చెప్పిన అన్నయ్యకి. ఐపీక్యూఏ తర్వాత ఎప్పుడో ఒకప్పుడు కంపెనీ మారక తప్పదు, అప్పటికి ఇది పనికొస్తుంది. గ్రాట్యుటీ అంటే ఆఖరి బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి 26తో భాగించి సర్వీసు ఏళ్లతో గుణించడం. 42,000 మీద 17 ఏళ్లకు 4,11,923 రూపాయలు. సర్వీసు 17 ఏళ్ల 5 నెలలైతే 17 కిందే లెక్క, ఆరు నెలలు దాటితే 18 అవుతుంది, అంటే ఇంకో 24,231. నోటీసు 90 రోజులు ఉన్నా "త్వరగా వదిలేయండి సార్" అని బతిమాలి ముందే రిలీవ్ అయ్యేవాళ్లు ఈ తేదీ చూసుకోరు.

పీఎఫ్‌లో పెన్షన్ భాగం వేరే సంగతి. పదేళ్లు దాటాక ఆ డబ్బు వెనక్కి రాదు, పెన్షన్‌గానే వస్తుంది. 15,000 ఇంటూ సర్వీసు బై 70 అని అందరం లెక్క వేసుకుంటున్నాం కానీ, 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకు 6,500 పరిమితే వర్తిస్తుంది, కాబట్టి మనం అనుకున్నదాని కంటే తక్కువే వస్తుంది. 20 ఏళ్లు నిండితే మాత్రం రెండేళ్లు అదనంగా కలుపుతారు. 17 దగ్గర సొంత వ్యాపారం అని దిగేవాళ్లు ఇది ఒకసారి చూసుకోవాలి. కొత్త కంపెనీలో చేరితే పాత ఖాతా మార్పించుకుంటే సర్వీసు కలుస్తుంది. పాత కంపెనీ రిలీవ్ తేదీ పోర్టల్‌లో ఎక్కించకపోతే క్లెయిమ్ ఆగిపోతుంది. ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత మనమే యూఏఎన్ పోర్టల్‌లో ఎక్కించుకోవచ్చు.

ఆరోగ్య బీమా గురించి చెప్పిన అక్కా, షుగర్, బీపీ ఉన్న మా ఇద్దరి తరఫున మీకు. గ్రూప్ పాలసీ రిలీవ్ అయిన రోజుతో పోతుంది. కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే ఉన్న జబ్బులకు 36 నెలల దాకా ఆగాల్సి రావచ్చు. అదే రిలీవ్ కాకముందే ఆ బీమా కంపెనీనే అడిగి సొంత పాలసీకి మార్చుకుంటే గడిచిన కాలం కలిసొస్తుంది.

ట్యాక్స్ ముక్క చిన్నదే. ఏడాది మధ్యలో మారితే పాత జీతం, కోసిన టీడీఎస్ కొత్త కంపెనీకి చెప్పాలి. లేకపోతే రెండు కంపెనీలూ స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చేసి తక్కువ కోస్తారు, రిటర్న్ వేసే రోజున తేడా, వడ్డీ కలిపి మన నెత్తిన పడతాయి.

మాలో ఇద్దరు ఐపీక్యూఏకి అప్లికేషన్ ఇచ్చేశారు. రెజ్యూమే మేడం, మిగతావాళ్లవి ఆదివారం పంపిస్తాం. ఈసారి "టార్గెట్ అచీవ్‌మెంట్" ఉండదు లెండి.