ఆరు వారాలు ఒక్క మాట వినిపించుకోని మీ కస్టమర్ కేర్ గురించి

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: ఉన్నట్టుండి ఇంట్లో మూత్రం పోయడం మొదలుపెట్టిన మా కుక్క గురించి పదకొండు సార్లు ఫోన్ చేసినా ఎవరూ పట్టించుకోకపోవడం, నాలుగు ఫిర్యాదు టికెట్లనూ 'పరిష్కారమైంది' అని మూసేయడం.

నమస్కారం.

మీ వాసన పోగొట్టే స్ప్రే బాగా లేదని రాస్తున్న ఉత్తరం కాదిది. ఆ సీసా గురించి నాకిప్పుడు పట్టింపు లేదు. ఆరు వారాల్లో మీ మనుషులు ఎంతోమందితో మాట్లాడాను. అందరికీ ఒకే మాట చెప్పాను. "మా చిట్టి ఎనిమిదేళ్లలో ఎప్పుడూ ఇంట్లో పోయలేదండీ, ఇప్పుడే ఇలా చేస్తోంది." ఒక్కరు కూడా ఆ మాట దగ్గర ఆగలేదు. నా కోపమంతా దాని మీదే.

చిట్టి మా ఇంటికి వచ్చినప్పుడు రెండు నెలల పిల్ల. అప్పుడు కొన్న ట్రైనింగ్ ప్యాడ్లు మీవే. ఆరో నెల వచ్చేసరికి ప్యాడ్ల అవసరమే లేకుండా పోయింది. బయటికి వెళ్లాలంటే తలుపు దగ్గర నిలబడి ఒక్కసారి కాలితో గీకేది, అంతే. ఒకసారి విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా అర్ధరాత్రి నా చెయ్యి నాకి లేపి మరీ బయటికి వెళ్లింది కానీ ఇంట్లో చేయలేదు. అలాంటి కుక్క ఒక ఉదయం హాల్లో రగ్గు అంచున పోసేసింది. ఆ రాత్రి నా మంచం పక్కన, మర్నాడు వంటగది గుమ్మంలో. మూడు రోజుల్లో ఐదు సార్లు. పోసిన ప్రతిసారీ చెవులు వెనక్కి వాల్చి గోడకి ఆనుకుని నిలబడేది.

మీ సభ్యత్వంలో ఇరవై నాలుగు గంటలూ నిపుణుల సలహా ఉంటుందని రాసి ఉంది కదా, ఆ ధైర్యంతోనే ముందు మీకు ఫోన్ చేశాను. డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా మీకు చేశాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ తప్పును సరిదిద్దే అవకాశం మీకు పదకొండు సార్లు వచ్చింది.

మొదటి ఫోన్ ఎత్తిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. నా నంబరు అడిగాడు, ఆర్డర్ నంబరు అడిగాడు, కుక్క జాతి అడిగాడు. ఎనిమిదేళ్లుగా ఎప్పుడూ ఇలా లేదని చెప్పాను. "అర్థమైంది మేడమ్" అని, రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్లండి, బయట పోసినప్పుడు మెచ్చుకుని ఏదైనా తినడానికి పెట్టండి అని చదివి వినిపించాడు. అది కుక్కపిల్లలకి చెప్పే పాఠం. ఆ పాఠం మా చిట్టి ఎప్పుడో నేర్చుకుంది. నేను మళ్లీ అదే మాట చెప్పాను. "పాత వాసన ఉంటే కుక్క అక్కడికే వస్తుంది మేడమ్, మా స్ప్రే వాడండి" అన్నాడు. కొన్నాను.

స్ప్రేని సీసా మీద ఉన్నట్టే వాడాను. తడిని గుడ్డతో అద్ది, రుద్దకుండా, లోపలిదాకా తడిసేలా కొట్టి, పావుగంట వదిలేశాను. అమ్మోనియా వాసన మూత్రం వాసనకి దగ్గరగా ఉంటుందని, అది కలిసిన ఫ్లోర్ క్లీనర్ని కూడా మానేశాను. వాసన పోయిందేమో. కానీ చిట్టి పాత చోటికి రావడం లేదు, ప్రతిసారీ కొత్త చోట పోస్తోంది. కొత్త చోట పోసే కుక్కకి పాత వాసన పోగొట్టి ఏం లాభం? ఈ ప్రశ్న రెండో ఫోన్‌లో అడిగాను. అవతలి అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "స్ప్రే పని చేయలేదని ఫిర్యాదు నమోదు చేయమంటారా మేడమ్?" అంది. మీ దగ్గర నా సమస్య కుక్క నుంచి సీసాకి మారింది అక్కడే. ఆ తర్వాత అందరూ సీసా గురించే మాట్లాడారు.

ముందు ఫొటోలు అడిగారు, మరక స్ప్రేకి ముందు ఒకటి, తర్వాత ఒకటి. పంపాను. నాలుగు రోజులకి సీసా అడుగున ఉన్న బ్యాచ్ నంబరు అడిగారు. పంపాను. ఇంకో మూడు రోజులకి బిల్లు అడిగారు. మీ దగ్గర కొన్నదానికి మీరిచ్చిన బిల్లే మీకు పంపాను. తర్వాత వీడియో కావాలన్నారు.

ఆ వీడియో గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఫోన్ పట్టుకుని చిట్టి వెనకాలే తిరుగుతూ మధ్యాహ్నమంతా గడిపాను. తీస్తున్నప్పుడే నేను మొదటిసారి సరిగ్గా చూశాను. అది చాలాసేపు కూర్చునే ఉంది. వచ్చింది నాలుగు చుక్కలు. లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చుంది. మళ్లీ చుక్కలే. తర్వాత వెనక్కి తిరిగి తనని తాను నాక్కుంటూ ఉండిపోయింది. నిమిషంన్నర వీడియో. జంతువుల గురించి కొంచెం తెలిసినవాళ్లు ఎవరైనా అది చూస్తే, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమంటారు. మీ దగ్గర నుంచి వచ్చిన జవాబు నా దగ్గర భద్రంగా ఉంది. "వీడియోలో స్ప్రే వాడిన విధానం కనిపించడం లేదు. దయచేసి మళ్లీ పంపండి."

ఆ వీడియోని మీ ఆఫీసులో ఒక మనిషి చూశాడు. చూసి, కుక్క పడుతున్న బాధ వదిలేసి సీసా కోసం వెతికాడు.

అప్పుడు గొడవ చేశాను. ప్రవర్తన నిపుణులతో మాట్లాడిస్తాం, నలభై ఎనిమిది గంటల్లో ఫోన్ వస్తుంది అన్నారు. స్నానానికి వెళ్లినా ఫోన్ వెంట తీసుకెళ్లాను. రాలేదు. మూడో రోజు మెయిల్ వచ్చింది. "మిమ్మల్ని సంప్రదించడానికి ప్రయత్నించాం, మీరు అందుబాటులో లేరు, టికెట్ మూసేస్తున్నాం." నా ఫోన్‌లో ఒక్క మిస్డ్ కాల్ లేదు. మళ్లీ ఫోన్ చేస్తే పాత టికెట్ తెరవడం కుదరదన్నారు, కొత్తది తీసుకోమన్నారు. మళ్లీ మొదటి నుంచి: కుక్క పేరేంటి, వయసెంత, జాతేంటి.

చివరికి ఆ నిపుణుడు చాట్‌లో దొరికాడు. అతను ఏం చదివాడో నాకు తెలియదు, అడిగితే చెప్పలేదు. ఇది నా దృష్టిలో పడడానికి కుక్క చేసే మొండితనం అన్నాడు. పోసిన చోటికి తీసుకెళ్లి గట్టిగా మందలించమన్నాడు. సాయంత్రం ఆరు తర్వాత నీళ్లు పెట్టొద్దన్నాడు.

నేను ఆ రెండూ చేశాను. నిపుణుడన్నాడని చేశాను. ఎనిమిదేళ్లలో గొంతు పెంచని దాన్ని మెడ పట్టి తీసుకెళ్లి అరిచాను. ఐదు రాత్రులు నీళ్ల గిన్నె తీసి పైన పెట్టాను. గిన్నె ఉండే చోట నేల నాకేది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి ఆగిపోతోంది. మందలింపుతో అది మారిందా అంటే, మారింది. నా ఎదుట పోయడం మానేసి సోఫా వెనక దాక్కుని పోయడం మొదలుపెట్టింది. కుక్కకి కాసేపటి క్రితం చేసినదానికీ ఇప్పటి తిట్టుకీ సంబంధం అర్థం కాదని, మనిషి ముందు పోస్తే ప్రమాదం అన్నది ఒక్కటే నేర్చుకుంటుందని నాకు తర్వాత తెలిసింది. బయట గొలుసు పట్టుకుని నేను పక్కన నిలబడితే కూడా ఇప్పుడది పోయడానికి జంకుతోంది.

ఇరవై మూడో రోజు తెల్లటి నేల మీద గులాబీ రంగు మరక కనిపించింది. అప్పుడు ఇంకెవరికీ ఫోన్ చేయలేదు. నేరుగా వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను.

మీకు చెప్పిన మాటే ఆయనకీ చెప్పాను. ఎనిమిదేళ్లలో ఎప్పుడూ ఇంట్లో పోయలేదు, ఇప్పుడే మొదలుపెట్టింది. ఆయన రాస్తున్న పెన్ను పక్కన పెట్టారు. "అయితే ఇది ట్రైనింగ్ సమస్య కాదమ్మా" అన్నారు. ఇరవై మూడు రోజులు నేను వినాలని ఎదురుచూసిన మాట రెండు నిమిషాల్లో వచ్చింది.

ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలన్నీ రాస్తున్నాను. మీ వాళ్లు ఒక్కటైనా అడిగి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. చుక్కలు చుక్కలుగా పోస్తోందా, మడుగులా పోస్తోందా? మెలకువగా ఉన్నప్పుడా, నిద్రలో పడుకున్న చోటే తడుస్తోందా? నీళ్లు ఎక్కువ తాగుతోందా? ఈమధ్య స్టెరాయిడ్ మాత్రలేమైనా వేశారా? లేవడానికి, మెట్లు దిగడానికి కష్టపడుతోందా? ఇంట్లో తిరుగుతూ దారి తప్పినట్టు మూలల్లో నిలబడిపోతోందా? ఒక్కో ప్రశ్నకీ ఒక్కో కారణం ఉందని ఓపిగ్గా చెప్పారు. నిద్రలో తడిస్తే, ముఖ్యంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన ఆడకుక్కల్లో, మూత్రాన్ని ఆపే కండరం బలహీనపడి ఉండొచ్చు. ఒంటి బరువులో కిలోకి రోజుకి 100 మిల్లీలీటర్లు దాటి నీళ్లు తాగుతూ మడుగులు కడుతుంటే షుగర్, కిడ్నీ జబ్బు, కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) లాంటివి చూడాలి. స్టెరాయిడ్లు వాడినా దాహం, మూత్రం రెండూ పెరుగుతాయి. కీళ్ల నొప్పులున్న కుక్క తలుపు దాకా వెళ్లలేకపోవచ్చు. ముసలి కుక్కల్లో మతిమరుపు కూడా వస్తుంది. ఇలా చుక్కలు చుక్కలుగా మాటిమాటికీ కూర్చుంటుంటే ముందు మూత్రాశయం చూడాలి.

మూత్ర పరీక్ష, కల్చర్ (మూత్రంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష), ఎక్స్‌రే చేశారు. ఇన్‌ఫెక్షన్ ఉంది, మూత్రాశయంలో రాళ్లున్నాయి. స్ట్రువైట్ (మెగ్నీషియం, ఫాస్ఫేట్ లాంటి ఖనిజాలతో ఏర్పడే రాయి) రకం అనుకుంటున్నామని, ఆడకుక్కల్లో ఇవి ఎక్కువగా ఇన్‌ఫెక్షన్ వల్లే ఏర్పడతాయని, యాంటీబయాటిక్‌తో పాటు ప్రత్యేకమైన ఆహారం పెడితే ఆపరేషన్ లేకుండానే కరిగే అవకాశం ఉందని చెప్పారు. మగకుక్క అయితే మూత్రనాళం సన్నగా ఉంటుంది కాబట్టి రాయి అడ్డుపడి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఇంకా ఎక్కువట. ఆఖరున ఆయన అన్న మాట: "నీళ్లు మాత్రం ఎంత తాగితే అంత తాగనివ్వండి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, రాళ్లకి అదే కావాలి."

ఐదు రాత్రులు నేను గిన్నె పైన పెట్టానని ఆయనకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను. ఎవరు చెప్పారమ్మా అని అడిగారు.

ఇది మీకు తెలియాలని, ఇంకొకరికి ఇదే సలహా వెళ్లకూడదని మళ్లీ ఫోన్ చేశాను. దెబ్బలాడడానికి కాదు, చెప్పడానికే. "ఇది ప్రొడక్ట్ ఫిర్యాదా, సర్వీస్ ఫిర్యాదా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఒకరి నుంచి ఒకరికి మూడుసార్లు లైన్ మార్చారు. నలభై నిమిషాలు సంగీతం విన్నాక ఫోన్ కట్ అయింది. మర్నాడు చేస్తే ఇంకొకాయన అంతా విని, "సంతోషం మేడమ్, మీ సమస్య తీరిపోయింది కాబట్టి టికెట్ మూసేస్తున్నాను" అన్నాడు. పది నిమిషాలకి మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారని మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత ఒక డిస్కౌంట్ కూపన్ వచ్చింది, అదే స్ప్రే మీద.

నేను మీకు ఎనిమిదేళ్ల కస్టమర్ని. షాంపూ, దువ్వెన, గొలుసు, పరుపు, అన్నీ మీ దగ్గరే కొన్నాను. కుక్కపిల్లని తెచ్చుకున్న ప్రతి స్నేహితురాలికీ మీ పేరే చెప్పాను. నా మాట మీద కనీసం ఆరు ఇళ్లవాళ్లు మీ సభ్యత్వం తీసుకున్నారు. ఈ వారం వాళ్లందరికీ ఫోన్ చేసి, కుక్కకి ఏదైనా అయితే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మీ సలహా కేంద్రానికి మాత్రం ఫోన్ చేయొద్దని చెప్పాను. అలా చెప్పాల్సి వచ్చినందుకు నాకు బాధగా ఉంది.

మీ కూపన్ వద్దు. స్ప్రే డబ్బు ఇస్తే ఇవ్వండి, లేకపోతే లేదు. కానీ ఫోన్ ఎత్తేవాళ్లు చదివే కాగితంలో ఆర్డర్ నంబరు కంటే ముందు ఒక ప్రశ్న చేర్చండి: ఇంతకుముందు ఇలా చేసేదా, కొత్తగా మొదలైందా? కొత్తగా అంటే ఏమీ అమ్మకుండా డాక్టర్ దగ్గరికి పంపండి. ఎవరికైనా నీళ్లు ఆపమని చెప్పే ముందు ఆ మాట చెప్పేవాళ్ల చదువేంటో చూడండి. నా నాలుగు టికెట్లలోనూ 'పరిష్కారమైంది' అన్న మాట తీసేయండి, ఎందుకంటే అది అబద్ధం. పదిహేను రోజుల్లో ఇవి జరగకపోతే మెయిళ్లు, చాట్ స్క్రీన్‌షాట్లు, ఆ నిమిషంన్నర వీడియో తీసుకుని వినియోగదారుల కోర్టుకి వెళ్తాను. ఊరికే అనడం లేదు, కాగితాలన్నీ తేదీల వారీగా పెట్టుకున్నాను.

చిట్టికి మందులు మొదలుపెట్టి మూడు వారాలైంది. తొమ్మిది రోజులుగా ఇల్లు పొడిగా ఉంది. నీళ్ల గిన్నెలు ఇప్పుడు మూడు చోట్ల పెట్టాను. కానీ నేను గబుక్కున లేచి నిలబడితే ఇప్పటికీ నేలకి అంటుకుపోయి సోఫా వెనక్కి వెళ్తోంది. ఆ భయం పోవడానికి చాలాకాలం పట్టొచ్చని డాక్టర్ గారన్నారు.

ఈ ఉత్తరానికి ఇంకో టికెట్ నంబరు పంపకండి. చదివిన మనిషి తన పేరు చెప్పి నాకు ఫోన్ చేయాలి. నా నంబరు మీ దగ్గర నాలుగు చోట్ల రాసి ఉంది.

ఇట్లు,
ఎనిమిదేళ్లుగా మీ కస్టమర్