కొసలు దాచిన చేతులకి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మన పర్లాకిమిడి అల్లికల కూడిక అనుకున్నదానికన్నా బాగా జరిగింది. పసిబిడ్డలకి, చిన్నపిల్లలకి అల్లిన టోపీలు, మేజోళ్లు, చేతుల్లేని చిన్న స్వెట్టర్లు అన్నీ సంక్రాంతికి ముందే గుమ్మ వైపు కొండ ఊళ్లకి చేరాయి. ఫొటోలు అందరూ చూసే ఉంటారు. వాటిలో సూదులు పట్టుకుని నవ్వుతున్నది మేమే. మాకు రావలసిన మెచ్చుకోళ్లు వచ్చేశాయి, ఇక చాలు. ఈ నాలుగు ముక్కలూ ఫొటోల్లో పడనివాళ్ల గురించి.

ముందుగా బరంపురంలోని ఊలు షాపు బాబుగారికి దండం పెట్టాలి. మేము ఆర్డరు పెట్టిన ఊలు పార్సెల్ దారిలో ఎక్కడో ఆగిపోయింది. ట్రాన్స్‌పోర్టు వాళ్లకి ఎప్పుడు ఫోన్ చేసినా "రేపు వచ్చేస్తుంది" అన్న మాటే. ఇక్కడ హాలు మాట్లాడేశాం, పాతపట్నం నుంచి, కాశీనగరం నుంచి వస్తామని జనం చెప్పేశారు. ఒకటే టెన్షన్. అలాంటప్పుడు ఈయన "డబ్బుల సంగతి తరవాత చూద్దాం, ఏ రంగులు ఎన్నెన్ని కావాలో ముందు చెప్పమ్మా" అన్నారు. మాతో ఆయనకి అంతకుముందు పెద్ద పరిచయం కూడా లేదు.

అరువు ఇవ్వడం ఒక ఎత్తు, ఆయన ఎంచి ఇచ్చిన తీరు ఒక ఎత్తు. అల్లేవాళ్లకి ఈ బాధ తెలుసు. షేడు నంబరు ఒకటే అయినా లాటు నంబరు మారితే అద్దకంలో పిసరంత తేడా ఉంటుంది. ఊలు ఉండలా చుట్టి ఉన్నప్పుడు కంటికి ఆనదు. అల్లాక మాత్రం, సగం దగ్గర గీత గీసినట్టు బయటపడుతుంది. ట్యూబులైటు వెలుతురులో తెలియదని ఆయన ఉండలన్నీ షాపు గుమ్మం బయట ఎండలో పరిపించి, లేబుళ్లు తిప్పి చూసి, లాటు కలిసినవి ఒక సంచిలో, కలవనివి ఇంకో సంచిలో కట్టించారు. కలవని సంచి మీద 'చారలకి' అని ఒడియాలో రాసిన చీటీ కుట్టించారు. మీరందరూ ముచ్చటపడ్డ ఆ చారల టోపీలన్నీ ఆ సంచిలోవే. డిజైను మాది అనుకుంటున్నారేమో, కాదు, ఆ చీటీది. ఆ సంచుల్ని బస్సులో తెచ్చి, ఛార్జీ వద్దని, హాలు దాకా ఆటో మాట్లాడిపెట్టిన కండక్టరు గారికి కూడా నమస్కారం.

తరవాత చంద్రగిరి నుంచి వచ్చిన టిబెటన్ అమ్మలు. వాళ్ల కాలనీ ఇప్పటి మన గజపతి జిల్లాలో 1963 నుంచి ఉంది. చలికాలం వస్తే స్వెట్టర్ల కొట్లు పెట్టేది వాళ్లేనని చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. బేరమాడటమే గాని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడింది ఎన్నడూ లేదు. ఈసారి పిలిస్తే ఇద్దరు వచ్చారు. పెద్దావిడని వాళ్లమ్మాయి 'ఆమా-లా' అంటుంటే మేమూ అలాగే పిలిచాం. మేమంతా పది నంబరు సూదులు రెండు పెట్టుకుని బల్లపరుపుగా అల్లి, వెనకాల కుట్టేసి టోపీ అనిపిస్తున్నాం. ఆవిడ ఒక టోపీ తిరగేసి, ఆ కుట్టుని తన అరచేతిలో పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కి చూసుకున్నారు. "బిడ్డ ఎప్పుడూ పడుకునే ఉంటుంది కదా, ఇది తల కింద ఉంటుంది" అన్నారు ఒడియాలో. అంతే, ఎవరినీ ఏమీ అనలేదు. సంచిలోంచి రెండు కొసలా మొనలుండే చిన్న సూదులు తీసి, గుండ్రంగా, అతుకు లేకుండా ఎలా అల్లాలో చూపించడం మొదలుపెట్టారు. చూపు మా మొహాల మీద, వేళ్లు సూది మీద. ఒక సీదా కుట్టు, ఒక ఉల్టా కుట్టు, బొటనవేలు కుట్టుని ముందుకి నెడుతూనే ఉంది. మధ్యలో టీ కూడా తాగారు, లెక్క మాత్రం తప్పలేదు.

కొలతల విషయంలో మా అంగన్‌వాడీ అక్క లేకపోతే సగం టోపీలు ఎవరికీ పట్టేవి కావు. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత 33 నుంచి 35 సెంటీమీటర్లు, ఆరు నెలలకి 42, 43 దాకా వస్తుంది. అల్లిక సాగుతుంది కాబట్టి టోపీని అంతకన్నా రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించి అల్లాలి. ఈ లెక్కలు ఎవరు గుర్తు పెట్టుకుంటారని ఆవిడ రంగురంగుల నాడాలు కొలతకి కత్తిరించి గోడకి మేకు కొట్టి వేలాడదీశారు. ఎర్ర నాడా పురిటిబిడ్డ, పచ్చ నాడా ఆరు నెలలు. ఇక మెడ కింద కట్టే తాళ్లు, నెత్తి మీద ఊలు బంతులు, పీకితే ఊడే గుండీలు, ఇవన్నీ వద్దే వద్దన్నారు. తాడు మెడకి చుట్టుకుంటుంది, గుండీ నోట్లోకి పోతుంది. ఊలు బంతులు చుట్టుకుని కూర్చున్న మా పిన్ని కాసేపు మూతి ముడుచుకుంది, కానీ ఇచ్చేసింది.

అంగన్‌వాడీ అక్కే ఇంకో మాట చెప్పారు, అది నాకు బాగా పట్టింది. కొండ ఊళ్లలో చలికి పిల్లలు పొయ్యి పక్కనే పడుకుంటారు. మనం మామూలుగా అల్లే లూధియానా ఊలు చాలావరకు ఆక్రిలిక్. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. గొర్రె ఉన్ని అంత తొందరగా అంటుకోదు, అంటుకున్నా మాడి పొడిపొడి అయి ఆరిపోతుంది. ఉన్నికేమో ఖరీదెక్కువ, దురద, వేడినీళ్లలో వేస్తే కుంచించుకుపోతుంది. చివరికి నెగడు చుట్టూ చేరే వయసు పిల్లల స్వెట్టర్లకి అచ్చమైన ఉన్ని వాడి, లోపల పాత నూలు పంచెలు ఉతికి అస్తరు వేశాం. ఆ అస్తర్లన్నీ కుట్టింది ప్యాలెస్ రోడ్డులోని టైలరు మామయ్య, పండగ బేరాల రోజుల్లో, మిషను పక్కన పెట్టి చేత్తో. కూలి అడిగితే కసిరారు.

చన్నీళ్లలోనే ఉతకాలని తల్లులకి సవరలో విడమరిచి చెప్పింది అక్కడి ఆశా కార్యకర్త. సవర పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే ఉండి ఆ భాష నేర్చుకుని నిఘంటువు దాకా వెళ్లారు. మనం ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తాం, సవరలో నీళ్లు అడగడం కూడా రాదు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికొస్తాను. నర్సాపురం వైపు నుంచి పెళ్లయి మన వీధికి వచ్చిన మామ్మగారు. చూపు మందగించి అల్లిక మానేశారు. ఊరికే కూర్చుంటానని వచ్చి, టోపీల గుట్ట లోపలికి చెయ్యి పెట్టి, "ఏటమ్మా, గొర్రెకి గెడ్డం వదిలినట్టు ఇన్ని కొసలు వదిలేసారేటి?" అన్నారు. పుట్టిల్లు గోదావరి అయినా మాట ఎప్పుడో మనదైపోయింది. చారల టోపీలో రంగు మారిన ప్రతిచోటా రెండు కొసలు మిగులుతాయి. మాలో చాలామంది ముడి వేసి కత్తిరించేస్తాం. ముడి పసిబిడ్డ నెత్తికి ఒత్తుకుంటుంది, రెండు ఉతుకులకి ఊడిపోతుంది కూడా. మామ్మగారు క్రోషా సూదితో ఒక్కో కొసనీ లోపలి వైపు నుంచి ఐమూలగా పోనిచ్చి, మళ్లీ వెనక్కి తిప్పి, అల్లికలో కలిపేశారు. కంటితో కాదు, అంతా వేళ్ల తడుముడే. ఆ తరవాత ఇంకో ముగ్గురు ఆవిడ దగ్గర చేరారు. ఒక్క టోపీ కూడా కొస కనిపిస్తూ బయటికి పోలేదు. నర్సాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది కదా అని ఎవరో గుర్తు చేస్తే, "అది కాయితానికి వచ్చింది, నా కళ్లజోడికి వస్తే బాగుణ్ణు" అన్నారు. (మామ్మగారూ, కంటి డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. మాట ఇచ్చాను, మర్చిపోలేదు.)

ఉతికి ఆరబెట్టడం మగవాళ్లు చేశారు, ఇది రాసి పెట్టుకోవలసిన విషయం. గోరువెచ్చని నీళ్లలో ఈజీ (ఉన్ని బట్టలు ఉతికే ద్రవం) వేసి నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, మేడ మీద నీడలో నులక మంచాల మీద పరిచారు. తీగ మీద వేస్తే తడి బరువుకి సాగిపోతాయి. కోతులు రాకుండా ట్యూషను పిల్లలు కర్రలు పట్టుకుని వంతులవారీగా కాపలా కాశారు. ఒక్క మేజోడు మాత్రం కోతి పాలైంది.

హాలు ఇచ్చిన రామమందిరం కమిటీకి, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మోసుకొచ్చిన ఎదురింటి తమ్ముడికి, ఉప్మా, టీ చూసుకున్న వదినలకి, కొండదారిలో జీపు తోలిన డ్రైవరు బాబుకి పేరుపేరునా కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దని మీలో చాలామంది అన్నారు కాబట్టి రాయలేదు.

బరంపురం బాకీ తీరిపోయింది. జమాఖర్చుల కాయితం హాలు తలుపుకి అంటించాం, చూసుకోండి. ఆగిపోయిన పార్సెల్ పండగ వెళ్లాక తాపీగా వచ్చింది, ఊలు మొత్తం బీరువాలో భద్రంగా ఉంది. వందగ్రాముల ఉండకి పురిటిబిడ్డ టోపీలు నాలుగు వస్తాయి, ఇంటికి పట్టుకెళ్లి అల్లాలనుకునేవాళ్లు బీరువా మీది పుస్తకంలో రాసి తీసుకెళ్లండి. అలాగే ఎవరిదో మూడు గిన్నెల స్టీలు క్యారేజీ, ఒక చిన్నపిల్లాడి ఎడమకాలి చెప్పు ఇక్కడే ఉండిపోయాయి. సాయంత్రం అయిదు తరవాత హాలు తెరిచే ఉంటుంది.