అమ్మ కుడి మోకాలి గురించి నువ్వడిగిన ప్రశ్నకు

నల్లకుంట, హైదరాబాదు
నవంబరు 12

చిరంజీవి శారదకు నాన్న ఆశీస్సులు.

ఆదివారం ఫోనులో నువ్వడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఎడమ మోకాలి కీలు మార్పిడి ఆపరేషనులో పెట్టిన ఇంప్లాంటు, అంటే కృత్రిమ కీలు, సరైనది కానందువల్లనే అమ్మ కోలుకోవడం ఆలస్యమైందని, సంక్రాంతి వెళ్లాక చేయించబోయే కుడి మోకాలికైనా ఎదురింటి పిన్నిగారికి పెట్టిన, మోకాలు ఎక్కువగా వంగేందుకని చేసిన హై ఫ్లెక్స్ రకం పెట్టించాలని, అందుకయ్యే డబ్బు నువ్వు పంపుతానని అన్నావు. నీకు అమ్మ మీద ఉన్న ప్రేమ నాకు తెలుసు. అయితే ఈ ఎనిమిది నెలలు పక్కనే ఉండి చూసినదాన్ని బట్టి, డాక్టరుగారిని అడిగి తెలుసుకున్నదాన్ని బట్టి, ఆ ఆలస్యానికి కారణం ఇంప్లాంటు కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఇంప్లాంటు వివరాల స్టిక్కర్లు డిశ్చార్జి ఫైలులో అంటించి ఉన్నాయి. తొడ ఎముక చివర కోబాల్ట్ క్రోమియం తొడుగు, కింది ఎముక మీద లోహపు పళ్లెం, రెండింటి మధ్య పాలిథిలీన్ ప్లాస్టిక్ బిళ్ల ఉంటాయి. నలుగురూ మోకాలి చిప్పలు మార్చారంటారు గానీ, మార్చింది అరిగిపోయిన కీలు పైపొరలను. అమ్మ చిప్ప అమ్మకే ఉంది. అమ్మకు పెట్టినది, కీలు లోపల ఎముకలను కలిపి ఉంచే వెనక లిగమెంటును తీసివేసి దాని పనిని ఇంప్లాంటుతోనే చేయించే రకం. బిళ్ల నడుమ చిన్న గుంజలాంటిది లేచి ఉంటుంది. మోకాలు కొంత వంగాక తొడుగులోని అడ్డకమ్మీ దానికి ఆనుకుని, తొడ ఎముక సహజంగా వెనక్కి జరిగినట్టే జరిగేలా చూస్తుంది. ఆ లిగమెంటును ఉంచేసే రకం మరొకటి ఉంది. రెండింటినీ పోల్చి చూసిన అధ్యయనాలలో నొప్పి విషయంలో గానీ నడక విషయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

హై ఫ్లెక్స్ రకంలో తొడుగు వెనక వంపును ఇంకొంచెం పెంచుతారు. మోకాలు బాగా ముడిచినప్పుడు లోహం అంచు ప్లాస్టిక్‌ను ఒరుసుకోకుండా పరుచుకుని ఆనాలన్నది దాని ఉద్దేశం. అందుకోసం కొన్ని నమూనాలలో ఎముకను రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువగా కోయవలసి వస్తుంది. ఆలోచన మంచిదే అయినా, మామూలు రకంతో పోల్చినప్పుడు రోగికి తెలిసేంత ప్రయోజనం తేలలేదు. ఆపరేషనుకు ముందు మోకాలు ఎంత వంగేదన్నదాని మీదే తరువాతి వంపు ఎక్కువగా ఆధారపడుతుంది. పిన్నిగారు ఆపరేషను ముందురోజు దాకా నేల మీద మఠం వేసుకుని కూర్చోగలిగారు. అమ్మ మోకాలు రెండేళ్లుగా 100 డిగ్రీలు దాటలేదు, ఇప్పుడు 110 వంగుతోంది. ఆ లెక్కన అమ్మ పోగొట్టుకున్నదేమీ లేదు. డబ్బు సంగతి కూడా చెబుతాను. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించినప్పుడు మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి పన్ను కాక 54,720 రూపాయలు, హై ఫ్లెక్స్ రకానికి 56,490 రూపాయలు పెట్టారు. కనుక మనం వెనకాడుతున్నది ఖర్చుకు కాదు.

డిజైను పట్టించుకోనక్కరలేదని నేననడం లేదు. మన ఆడవాళ్ల ఎముకలు చిన్నవి. తొడుగు ఎముక అంచు దాటి మూడు మిల్లీమీటర్లు బయటికి వచ్చినా చుట్టూ ఉన్న కండను ఒరిసి నొప్పి పెట్టవచ్చునట. అందుకే ఈసారి డాక్టరుగారిని నేను అడగబోయేది రకం గురించి కాదు, సరిపడే సైజులు దగ్గర ఉంచుకుంటారా అని. ప్లాస్టిక్ నాణ్యత అరుగుదలకు, మన్నికకు సంబంధించిన సంగతి, త్వరగా కోలుకోవడానికి కాదు. ఇప్పటి అంచనా ప్రకారం ఇలాంటి కీళ్లలో నూటికి 82 దాకా పాతికేళ్లు పనిచేస్తాయి.

ఇక అసలు ఆలస్యం ఎక్కడ జరిగిందో చెబుతాను. ఇంటికి వచ్చిన మూడో రోజు రాత్రి అమ్మ నొప్పితో నిద్రపోలేకపోతుంటే, మోకాలి కింద దిండు పెట్టాను. మోకాలు కాస్త వంగి ఉంటే హాయిగా ఉంటుంది కనుక అమ్మ వెంటనే నిద్రపోయింది, నేనూ పొంగిపోయి రోజూ అలాగే పెట్టాను. అలా పెట్టకూడదని ఆసుపత్రిలో మాకెవరూ చెప్పలేదు. పన్నెండు రోజులకు ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు కొలిచి చూస్తే కాలు చాచినప్పుడు పది డిగ్రీలు వంగే ఉండిపోయింది. కాలు తిన్నగా చాచుకోకపోతే నిలబడ్డంతసేపూ తొడ ముందు కండరం పట్టి ఉంచవలసి వస్తుంది. అసలే ఆపరేషను తరువాత మొదటి నెలలో దాని బలం సగానికి పడిపోతుంది. అమ్మ కుంటడం, సాయంత్రానికి మోకాలు వాచిపోవడం అన్నీ అందువల్లే. దిండు తీసేసి, మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలిని గాలిలో వదిలేసి, రోజుకు నాలుగైదు సార్లు పది నిమిషాల చొప్పున కిందికి అదిమితే ఆ పది డిగ్రీలు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. నేను పెట్టిన దిండు అమ్మకు అంత బాధ తెచ్చిందన్న సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు.

అందుకని నిన్నొకటి అడుగుతున్నాను తల్లీ. నువ్వు ఆపరేషను రోజుకు రావద్దు. ఆసుపత్రిలో నర్సులుంటారు, తమ్ముడుంటాడు. ఇంటికి వచ్చాక రెండో వారం మొదట్లో వచ్చి, సెలవు దొరికినన్ని రోజులు ఉండు. వాపు తగ్గక ముందే వ్యాయామం చేయించాలి. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగితే నా చేయి వెనక్కి వస్తుంది, నువ్వు మాత్రం బుజ్జగిస్తూనే చేయించగలవు. మెట్లు ఎక్కేటప్పుడు బలంగా ఉన్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషను కాలు ముందు పెట్టించాలి. ఎడమ కాలు ఈసారి ఆ బరువు మోయగలదని డాక్టరుగారు చెప్పారు.

దేవుడి గదిలో పీట తీసేసి అమ్మ ఎత్తుకు సరిపడే బల్ల చేయించాను. పీట మీద కూర్చోలేనని మొదట బెంగపడినా, ఇప్పుడు ఆ బల్ల మీదే కూర్చుని పూజ చేసుకుంటోంది. నీ టికెట్టు తేదీ తెలిస్తే ఫిజియోథెరపిస్టుకు ముందే చెప్పి ఉంచుతాను.

మీ నాన్న