‘సిగరెట్ కంటే ప్రమాదకరం’ అని రాసేముందు

సంపాదకులకు నమస్కారం.

వేప్‌లు, అంటే నికోటిన్ ద్రవాన్ని బ్యాటరీతో ఆవిరి చేసి పీల్చే ఇ-సిగరెట్లు, పట్టుబడ్డాయన్న వార్త వచ్చినప్పుడల్లా పత్రికల్లో, టీవీల్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ‘సిగరెట్ కంటే ప్రమాదకరమైన ఇ-సిగరెట్లు’. రాసేవాళ్ల ఉద్దేశం కాలేజీ పిల్లల్ని భయపెట్టడం. కానీ పండ్ల వాసన వచ్చే ఆవిరితో ఏమవుతుందిలే అనుకునే కుర్రాడు ఈ వాక్యాన్ని ఎలాగూ నమ్మడు. నమ్మేది ఇరవై ఏళ్లుగా రోజుకో పెట్టె కాల్చే మనిషి. నమ్మి, ‘అయితే మన సిగరెట్టే నయం’ అనుకుని నిశ్చింతగా ఇంకోటి వెలిగిస్తాడు.

ఇది ఒక్క మన దగ్గరే లేదు. ఇంగ్లండ్‌లో పొగతాగేవాళ్లను ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చారు: వేప్ హానికరమా, సిగరెట్ హానికరమా? 2014లో సుమారు 44 శాతం మంది వేప్‌తో హాని తక్కువన్నారు. 2023కి వాళ్లు 27 శాతానికి పడిపోయారు. సగానికి పైగా రెండూ ఒకటేననో, వేపే ఎక్కువ చేటనో అన్నారు. విచిత్రమేమిటంటే సిగరెట్ మానడానికి పది లక్షల మందికి వేప్ కిట్లు ఉచితంగా ఇస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించిందీ ఆ 2023లోనే. తీసుకోవలసినవాళ్లే భయపడుతుంటే కిట్లు పంచి ఏం లాభం?

ఆ భయానికి పెద్ద కారణం 2019లో అమెరికాలో జరిగిన సంఘటన. వేప్ తాగినవాళ్లు ఊపిరాడక వరసగా ఆస్పత్రుల్లో చేరారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, అందులో 68 మరణాలు. ఆరా తీస్తే ఎక్కువ మంది తాగినవి గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీ నింపిన దొంగసరుకు వేప్‌లు. నూనె చిక్కగా కనబడాలని అందులో కలిపిన విటమిన్-ఇ అసిటేట్ రోగుల ఊపిరితిత్తుల్లోంచి తీసిన ద్రవంలోనూ దొరికింది. మామూలు నికోటిన్ వేప్ ద్రవంలో దీన్ని కలపరు. కారణం తేలే సమయానికి భయం ప్రపంచమంతా పాకిపోయింది. మన దేశంలో ఇ-సిగరెట్లను నిషేధిస్తూ ఆర్డినెన్స్ వచ్చిందీ ఆ ఏడాది సెప్టెంబరు 18నే.

సిగరెట్‌లో మనిషిని చంపేది ప్రధానంగా ఆకు కాలడం. దమ్ము లాగినప్పుడు నిప్పు దగ్గర వేడి 900 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు వెళ్తుంది. ఆ పొగలో తారు, కార్బన్ మోనాక్సైడ్‌తో కలిపి ఏడు వేలకు పైగా రసాయనాలుంటాయి. వాటిలో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవే. వేప్‌లో ఆకూ లేదు, నిప్పూ లేదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, వాసన కోసం వేసే రసాయనాలు కలిపిన ద్రవంలో దూది తడిసి ఉంటుంది. బ్యాటరీతో వేడెక్కే చిన్న కాయిల్ ఆ తడిని ఆవిరి చేస్తుంది. కాబట్టి విషపదార్థాలు చాలా తక్కువ. అసలు లేవని మాత్రం అనుకోకూడదు. కాయిల్ నుంచి నికెల్, క్రోమియం, సీసం వంటి లోహాలు కొద్ది మోతాదులో ఆవిరిలోకి వస్తాయి. ద్రవం అడుగంటాక కూడా లాగుతూ ఉంటే దూది ఆరిపోయి, మిగిలిన తడి అతిగా వేడెక్కి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలీన్ అనే విషపదార్థాలు పుడతాయి. గొంతులో మాడువాసన తగిలిందంటే అదే. డబ్బులు పెట్టి కొన్నాం కదా అని చివరి బొట్టు దాకా పీల్చేవాళ్లు పీల్చేది దాన్నే.

ఇంగ్లండ్ ఆరోగ్య సంస్థ 2015లో వేప్ సిగరెట్ కంటే ‘95 శాతం తక్కువ హానికరం’ అంది. ఆ అంకెను ఎవరూ ప్రయోగశాలలో కొలవలేదు. నిపుణులు కూర్చుని వేసిన అంచనా అది. పైగా అక్కడ చట్టబద్ధంగా అమ్మే సరుకులో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు, ట్యాంకులో 2 మిల్లీలీటర్లు మించకూడదు, కొన్ని పదార్థాలు కలపనే కూడదు. ఇక్కడ దొరికేదంతా దొంగసరుకే కనుక ఆ అంకెను తెచ్చి మన సందుల్లో అమ్మే వేప్‌కు అంటించడం కుదరదు. డబ్బా మీద ‘5 శాతం’ అని ఉంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములని అర్థం, అదీ లేబుల్‌ను నమ్మితే. ఇంత గాఢమైన నికోటిన్ మామూలుగా గొంతు మండించాలి. ఆమ్లం కలిపి లవణంగా మారుస్తారు కాబట్టి మెత్తగా దిగిపోతుంది. సిగరెట్ పది పన్నెండు దమ్ములకు అయిపోతుంది, ఎన్ని కాల్చామో లెక్క తెలుస్తుంది. వేప్‌కు ఆ ముగింపు లేదు. నికోటిన్ అలవాటే లేని పిల్లవాడికి అసలు ప్రమాదం ఇది. అతనికి సిగరెట్‌తో పోలిక అనవసరం, పోల్చవలసింది మామూలు గాలితో.

పొగతాగేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. పగలు ఆఫీసులో వేప్, సాయంత్రం టీ కొట్టు దగ్గర రెండు సిగరెట్లు. రోజుకు ఇరవై నుంచి రెండుకు తగ్గించాం కనుక ప్రమాదమూ పదో వంతుకు దిగిందని లెక్క. గుండె ఆ లెక్క ఒప్పుకోదు. రోజుకు ఒక్క సిగరెట్ కాల్చినా గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఇరవై కాల్చేవాళ్లకుండే ముప్పులో దాదాపు సగం ఉంటుంది. పూర్తిగా మారినవాళ్లకే లాభం. కలిపి తాగేవాళ్లకు మిగిలేది రెండు ఖర్చులు.

ఇలాంటి భ్రమలు మనకు కొత్త కాదు. ‘లైట్’ సిగరెట్ల ఫిల్టర్‌కు సన్నటి రంధ్రాలుంటాయి. పరీక్ష యంత్రం వాటిని మూయదు కాబట్టి తారు తక్కువ చూపిస్తుంది. మనిషి వేళ్లు, పెదాలు వాటిని మూసేస్తాయి, దమ్మూ లోతుగా లాగుతాడు. తునికాకు బీడీ సహజమైనది కదా అంటారు. ఆ ఆకు గుండా గాలి సరిగా ఆడదు, బీడీ ఊరికే ఆరిపోతుంది, మాటిమాటికీ గట్టిగా లాగాలి. అందుకే దానిలో తారు, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలకు అంగిట్లో క్యాన్సర్ వస్తుందని వైద్యులు దశాబ్దాల కిందటే రాశారు.

నిషేధం ఎత్తేయమని ఈ ఉత్తరం రాయడం లేదు. 2019 చట్టం ప్రకారం వేప్ అమ్మితే మొదటిసారికి ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అది అలాగే ఉండనీయండి. కానీ పొగ మానాలనుకునేవాడికి చట్టబద్ధంగా దొరికే సాధనమైనా సరిగా అందాలి కదా. అక్కడా భయమే అడ్డు. క్యాన్సర్ తెచ్చేది నికోటినేనని నమ్మి, సిగరెట్ మానడానికి వాడే రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ నమలడానికి జంకి, సిగరెట్ మాత్రం వెలిగిస్తారు. నికోటిన్ వ్యసనం చేస్తుంది, గర్భిణులకూ ఎదిగే పిల్లల మెదడుకూ చేటు, నిజమే. కానీ సిగరెట్ వల్ల వచ్చే క్యాన్సర్లకు ప్రధాన కారణం పొగ.

గమ్ కొన్నవాళ్లలోనూ చాలామంది బబుల్‌గమ్‌లా చకచకా నమిలేస్తారు. నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లు, మంట వస్తాయి. ‘ఇది పనిచేయదు’ అని పారేస్తారు. పద్ధతి వేరు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కాల్చేవారికి 4 మిల్లీగ్రాములు, ఆ తర్వాత కాల్చేవారికి 2. మెల్లగా నమిలి, నోట్లో మిరియం ఘాటు తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గితే మళ్లీ కాస్త నమిలి చోటు మార్చాలి. ఇలా అరగంట. పావుగంట ముందు నుంచి కాఫీ, నిమ్మరసం, కూల్‌డ్రింక్ ముట్టకూడదు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ బుగ్గ గుండా రక్తంలోకి ఎక్కదు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత ఎడం పెంచుతూ మొత్తం పన్నెండు వారాలు.

వేప్‌తో పోలిస్తే గమ్ బలహీనమైనదే, దాచడమెందుకు? ఇంగ్లండ్‌లో 886 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. ఏడాదికి వేప్ గుంపులో 18 శాతం, గమ్, చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ వంటివి వాడిన గుంపులో 9.9 శాతం మంది సిగరెట్ మానగలిగారు. అయితే మానినవాళ్లలో వేప్ గుంపువాళ్లు 80 శాతం అప్పటికీ వేప్ వదల్లేదు. రెండో గుంపులో గమ్, ప్యాచ్‌లు ఇంకా వాడుతున్నవాళ్లు 9 శాతమే.

పత్రికలను కోరేది ఒక్కటే. వేప్ పట్టివేత వార్త రాసేటప్పుడు ‘సిగరెట్ కంటే ప్రమాదకరం’ తీసేసి, ‘పొగతాగని వారికి వేప్ కొత్త వ్యసనం, దొంగసరుకులో ఏముందో ఎవరికీ తెలియదు, సిగరెట్ మాత్రం ఇంతకంటే సురక్షితం కాదు’ అని రాయండి. కింద పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ ఉచిత నంబరు 1800-11-2356 వేయండి. ఆ నంబరు సిగరెట్ పెట్టెల మీద 2018 నుంచి ఉంది. కానీ లూజుగా ఒకటీ రెండూ కొనేవాడి చేతికి పెట్టె రాదు.

— పొగాకు విరమణ సలహాదారు, విశాఖపట్నం