తంగేడు ఆకును పురుగు తింటే తిననివ్వండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

మన పట్టణాల్లో పార్కు గేటు దగ్గర ఫైబర్ రెక్కల సీతాకోకచిలుకను నిలబెట్టడం ఈమధ్య ఎక్కువైంది. పిల్లలు ఫొటోలు దిగుతారు, కాదనను. లోపలికి పోయి చూస్తే పేవర్ బ్లాకులు, కత్తిరించిన గడ్డి, రంగురంగుల పూలకుండీలు. ప్రాణమున్న సీతాకోకచిలుక గుడ్డు పెట్టుకోవడానికి తగిన ఆకు మాత్రం ఉండదు. నేను అడగబోయేది ఆ ఆకు గురించే.

పూలకు వచ్చేవి తేనె తాగి వెళ్లిపోతాయి. అక్కడే సంతతి పెరగాలంటే పురుగు దశలో తిండి దొరకాలి. ఆ పురుగులు కనబడ్డ ఆకల్లా తినవు, ఒక్కో జాతికి కొన్ని మొక్కలే పడతాయి.

హనుమకొండలో మా మేడమీది కరివేపాకు, నిమ్మ కుండీల్లో కామన్ మార్మన్, లైమ్ సీతాకోకచిలుకలను పెంచుతుంటాను. పురుగు మొదట అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు పాయల కొమ్ము బయటికి తీసి ఘాటు వాసన కొడుతుంది. గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా నెల అటూ ఇటూ. కావలసిందల్లా దోమతెర గుడ్డ కట్టిన డబ్బా, రోజూ ఒక తాజా కొమ్మ, ప్యూపా (రెక్కలొచ్చే ముందు పురుగు కదలకుండా ఉండే గూడు) కట్టుకోవడానికి నిలువు పుల్ల. బజారు కరివేపాకు మాత్రం పెట్టకూడదు. మందు కొట్టిన ఆకు తింటే పురుగులు చస్తాయి. (అదే ఆకు మనం చారులో వేసుకుంటున్నాం, దానికి ఇంకో మంత్రిగారికి రాయాలి.)

అయితే మేడమీది కుండీలతో తీరే పని కొంతే. క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్ అనే సీతాకోకచిలుకల పురుగులకు గాడిదగడప, ఈశ్వరి తీగ లాంటి మొక్కలే కావాలి. ఆ ఆకుల్లోని విషం ఒంట్లో చేరడం వల్ల పిట్టలు వాటి జోలికి పోవు. మా మేడమీద పుట్టే కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్ని ఆ రెండింటి వేషం కట్టి బతుకుతాయి. అసలు విషమున్నవి ఊళ్లో లేకుండా పోతే, వేషం చూసి భయపడాలని పిట్టలకు నేర్పేదెవరు? గాడిదగడపను పొలంగట్ల మీద కలుపు మందు కొట్టి చంపుతున్నాం. నర్సరీలో అడిగితే నవ్వారు.

ఇక తంగేడు. 2014లో రాష్ట్ర పుష్పమైంది, బతుకమ్మకు అదే కావాలి. దాని ఆకు మీద మాటిల్డ్ ఎమిగ్రెంట్, రేల ఆకు మీద కామన్ ఎమిగ్రెంట్ అనే సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. ఆకు చిల్లులు పడగానే తోటమాలి మందు డబ్బా భుజానికెత్తుకుంటాడు. అతని తప్పేం లేదు, పైనుంచి వచ్చే సార్లకు చిల్లు లేని ఆకే చూపించాలి మరి.

గోపురం కప్పిన పెద్ద సీతాకోకచిలుకల పార్కు కట్టమని నేను అడగడం లేదు. బెంగళూరు దగ్గర బన్నేరుఘట్టలో 2006 నుంచి అలాంటిది నడుస్తోంది, సంతోషమే. మనకు పన్నెండు వేలకు పైగా గ్రామ పంచాయతీలున్నాయి, ఊరూరా నర్సరీ అన్న పద్ధతీ ఉంది. వచ్చే వనమహోత్సవానికి పెంచే మొక్కల్లో తంగేడు, రేల, మారేడు, నిమ్మ, కరివేపాకుతో పాటు గాడిదగడపకూ ఈశ్వరికీ చోటివ్వండి. మున్సిపల్ శాఖతో మాట్లాడి, ప్రతి పార్కులో ఒక మూల మందు కొట్టకుండా, కత్తెర పెట్టకుండా వదిలేయించండి. డెంగీ రోజుల్లో ఫాగింగే వద్దనే ధైర్యం నాకు లేదు, ఆ మూలను తప్పించి కొట్టమంటున్నాను. అక్కడ నాలుగడుగుల నేల పేవర్లు లేకుండా తడిగా ఉంటే మగ సీతాకోకచిలుకలు ఉప్పు కోసం గుంపులుగా వాలతాయి. ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక కోసం జిల్లేడు కూడా కావాలి. కానీ దాని పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి పిల్లలకు అందకుండా కంచె లోపల ఉంచాలి. గాడిదగడప, ఈశ్వరి కూడా నోట్లో పెట్టుకునేవి కావు. వాటినీ అక్కడే పెంచి, బోర్డు పెట్టించండి.

గాడిదగడప విత్తనాలు నా దగ్గర కొన్ని ఉన్నాయి. హనుమకొండ నర్సరీలలో ఏదో ఒకదానికి మీ శాఖ ఒక మాట చెబితే, నేనే తీసుకెళ్లి ఇస్తాను.

ఇట్లు,
హనుమకొండ పౌరురాలు